చేతికి అందినవాళ్లు

లాడ్ హంఫ్రీస్ పీహెచ్‌డీ విద్యార్థి. అంతకుముందు చర్చిలో మతగురువుగా పనిచేసినవాడు. 1960ల రెండో సగంలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీ సోషియాలజీ విభాగం తరఫున, అప్పటిదాకా పరిశోధకులు దూరంగా ఉంచిన అంశాన్ని పట్టుకున్నాడు: పార్కుల మరుగుదొడ్లలో ఒకరికొకరు ముక్కూమొహం తెలియని మగవాళ్ల రహస్య కలయికలు. అప్పట్లో అక్కడ అది నేరం. పట్టుబడితే ఉద్యోగం, సంసారం, పరువు మూడూ పోయేవి. పోలీసులు వస్తున్నారేమో చూసిపెట్టే మనిషిగా గుమ్మం దగ్గర నిలబడి హంఫ్రీస్ అన్నీ గమనించాడు. బయట ఆగిన కార్ల నంబర్లు రాసుకున్నాడు. తెలిసిన పోలీసుల సాయంతో వాటి యజమానుల చిరునామాలు సంపాదించాడు. ఏడాది ఆగి, దుస్తులూ వాలకమూ కారూ మార్చి, ఆరోగ్య సర్వే పేరుతో వాళ్ల ఇళ్లకే వెళ్లాడు. సొంత ఇంట్లో కూర్చుని పెళ్లి గురించీ ఉద్యోగం గురించీ జవాబులు చెప్పిన ఆ మనుషులకు, ఎదురుగా ఉన్నవాడు తమను ఎక్కడ చూశాడో తెలియదు.

అతనికి డాక్టరేట్ వచ్చింది. 1970లో అచ్చయిన పుస్తకానికి బహుమతీ వచ్చింది. ఆ మగవాళ్లలో సగం మందికి పైగా పెళ్లయినవాళ్లేనని తేల్చి, పోలీసులూ జనమూ పెంచుకున్న అపోహలను అది చెదరగొట్టింది. కానీ విభాగం నిలువునా చీలింది, డిగ్రీ వెనక్కి తీసుకోవాలన్న మాట వచ్చింది. ఎవరి పేరూ బయటికి పొక్కలేదు కదా, ఎవరికేం నష్టం జరిగిందని హంఫ్రీస్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొక్కకపోవడానికి సగం కారణం అతని జాగ్రత్త, మిగతా సగం అదృష్టం. ఆ జాబితా తెమ్మని ఏ కోర్టో ఆదేశించి ఉంటే పరిశోధకుడికి పోయేది డిగ్రీ, వాళ్లకు పోయేది బతుకు. ఆ పందెం కాయాలో వద్దో తేల్చుకునే అవకాశం పందెంలో ఉన్నవాళ్లకే దక్కలేదు.

హంఫ్రీస్ చెడ్డవాడు కాడు, ఆ మనుషుల పక్షాన నిలబడాలనే పని మొదలుపెట్టాడు. అసలు ప్రశ్న అతని గుణం గురించి కాదు. అతనికి దొరికినవాళ్లు ఎందుకంత తేలిగ్గా దొరికారు? మోసం తెలిసినా ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉన్నారు కనుక. మనుషుల మీద పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి చేసిన చరిత్రంతా ఇలా చేతికి అందినవాళ్ల చరిత్రే. అలబామా రాష్ట్రం టస్కిగీలో 1932 నుంచి 40 ఏళ్లపాటు అమెరికా ప్రజారోగ్య శాఖ సిఫిలిస్ సోకిన 399 మంది నల్లజాతి మగవాళ్లను, పోలిక కోసం మరో 201 మందిని గమనిస్తూ కూర్చుంది. 1940లలో పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా వాళ్లకు ఇవ్వలేదు. పేద కౌలు రైతులు, ఊరు వదిలిపోలేనివాళ్లు. 1972లో పత్రికలకెక్కాకే అది ఆగింది. 1974లో ఇలాంటి పరిశోధనలను అదుపు చేసే చట్టం వచ్చింది. పరిశోధన నైతికతపై 1979 నాటి బెల్మాంట్ నివేదిక పరిశోధకుల ముందు పెట్టిన ప్రశ్నల్లో ఇదొకటి: వీళ్లను ఎంచుకున్నది సమస్యకు సంబంధించినవాళ్లనా, లేక సులువుగా దొరికారనా?

పరిశోధన చేసే విద్యార్థికి ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువ తగులుతుంది. చేతిలో డబ్బుండదు, గడువు తరుముతుంటుంది, గైడ్ మాట దాటలేడు. కాబట్టి సహజంగానే దగ్గరున్నవాళ్ల దగ్గరికే పోతాడు: హాస్టల్ జూనియర్లు, సర్కారు ఆసుపత్రి జనరల్ వార్డు రోగులు, పక్క ఊరి అంగన్‌వాడీకి వచ్చే తల్లులు. తెల్లకోటు వేసుకున్న పీజీ డాక్టర్ మంచం పక్కన నిలబడి ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అంటే, అది వైద్యానికో థీసిస్‌కో ఆమె విడదీసి చూడలేదు. కాదంటే రేపు చూడరేమోనన్న భయమూ ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు విద్యార్థులనూ కింది ఉద్యోగులనూ ప్రత్యేక రక్షణ అవసరమైనవాళ్లలో చేర్చింది ఇందుకే.

మరి కమిటీ అనుమతి ఉంటే సరిపోతుందా? చాలదనడానికి దూరం పోనక్కర్లేదు. 2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. నడిపింది పాత్ అనే విదేశీ సంస్థ, తోడు ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. టీకా వేయించుకున్నవాళ్లలో ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలు చాలామంది. కొందరు చనిపోవడం, మహిళా సంఘాలు గొడవ చేయడంతో 2010 ఏప్రిల్‌లో పని ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ తేల్చింది, ఆ టీకా పనిచేస్తుందన్నదీ నేడు సందేహం లేని మాట. ఆ రెండూ ఒప్పుకున్నాక కూడా సమ్మతి పత్రాల సంగతి మిగిలే ఉంది. పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లి ఏ పోడు చేలోనో ఉంది, వార్డెన్ ఎదురుగా ఉన్నాడు. ఎథిక్స్ కమిటీలు ఈ ప్రాజెక్టును చూడకపోలేదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ కమిటీల తీరునూ తప్పుబట్టింది.

1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ భవనం నేలమాళిగలో కాలేజీ కుర్రాళ్లను ఖైదీలుగా, కాపలాదారులుగా విడగొట్టి చేసిన ప్రయోగానికీ యూనివర్సిటీ కమిటీ అనుమతి ఉంది. రోజుకు 15 డాలర్ల కోసం వచ్చిన పిల్లలు వాళ్లు. రెండు వారాలనుకున్నది ఆరు రోజులకే ఆపాల్సి వచ్చింది. దీన్నిబట్టి కమిటీలు దండగ అనేవాళ్లున్నారు. నాకు అలా తోచదు. రెండుచోట్లా కాగితం చూశారు కానీ, ‘వీళ్లు వద్దనగలరా, అన్నాక బయటపడగలరా’ అని గట్టిగా అడిగినవాళ్లు లేరు. అడగాల్సినవాడు అడగకపోతే ఆ కుర్చీని తీసేయడం పరిష్కారం కాదు. ఐసీఎంఆర్ నియమాలు ఎథిక్స్ కమిటీకి అధ్యక్షుడు బయటి సంస్థవాడై ఉండాలని, డాక్టరూ లాయరూ కాని మామూలు మనిషి ఒకరు ఉండాలని అంటున్నది ఆ ప్రశ్న కోసమే. వేలిముద్ర వేసేచోట ప్రాజెక్టుతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి ఉండాలి. ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టమూ అడగాలి. భద్రాచలంలో ఈ రెండింటిలో ఏ ఒక్కటి పట్టించుకున్నా కథ వేరుగా ఉండేది.

విద్యార్థుల ఫిర్యాదు కమిటీల ఆలస్యం గురించి, అందులో న్యాయం ఉంది. పదిహేను ప్రశ్నల సర్వేకీ మందు ప్రయోగానికీ ఒకే దారి పెట్టి నెలల తరబడి తిప్పితే, పిల్లలు సంతకాలు పుట్టించడం నేర్చుకుంటారు. ఐసీఎంఆర్ నియమాల్లోనే మూడు దారులున్నాయి: ప్రమాదం లేనివాటికి మినహాయింపు, స్వల్పమైనవాటికి త్వరిత పరిశీలన, మిగతావాటికి నిండు కమిటీ. చాలాచోట్ల మొదటి రెండూ కాగితం దాటవు. అంతకంటే పెద్ద ఖాళీ ఇంకోటుంది. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఎథిక్స్ కమిటీల రిజిస్ట్రేషన్ అడిగేది వైద్య, ఆరోగ్య పరిశోధనలకే. గృహహింస మీద ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టు చేసే అమ్మాయి బాధితురాలి పేరూ ఊరూ రికార్డు చేసుకుని ఫోన్లో పెట్టుకు తిరిగితే, ఆమె గైడ్ తప్ప అడిగే దిక్కు చాలా కాలేజీల్లో లేదు. ఆ గైడ్‌కు కావాల్సింది నెలాఖరుకు బైండింగ్ అయిన కాపీ.