కాలవాటా: లోపలికి దారి, బయటికి దారి

కొన్న వస్తువును వదులుకొనే హక్కు కొన్నవాడికి ఉంటుందన్నది వేరే చెప్పనక్కరలేని సంగతి. అమ్మవచ్చు, దానమివ్వవచ్చు, ఎవరికీ అక్కరలేకపోతే పారవేయవచ్చు. అయితే గత శతాబ్దపు వ్యాపారచాతుర్యం, వదిలించుకొనే వీలులేని ఆస్తిని ఒకదాన్ని సృష్టించింది. లోకం దాన్ని టైమ్‌షేర్ అంటుంది. మనం కాలవాటా అనుకుందాం.

1960ల దశకంలో ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతాలలో, సూపర్ దెవొలుయి అనే మంచుక్రీడల విడిదిలో ఈ ఆలోచన రూపుదిద్దుకొంది. ఏటా గది అద్దెకు తీసుకోవటం కంటే, ఏడాదిలో ఒక వారాన్ని కొనేసుకోవటం చవక అన్నది దాని సారాంశం. 1963లో స్విట్జర్లాండులో హాపిమాగ్ అనే సంస్థ ఇటువంటి పద్ధతినే వాటాల రూపంలో ఆరంభించింది. 1970లలో ఇది అమెరికాలో పాదం మోపింది. ఫ్లోరిడాలో కొనేవారు లేక మిగిలిపోయిన ఇళ్ళను వారాలుగా విడగొట్టి అమ్మారు. ఒక యజమాని దొరకని ఇంటికి యాభైమంది దొరికారు!

మెలిక అంతా నిర్వహణ రుసుములో ఉన్నది. వెల ఒకసారి చెల్లిస్తే తీరిపోతుంది. రుసుము మాత్రం ఏటా కట్టాలి, అది పెరుగుతూ పోతుంది. ఆ వారం విడిదికి వెళ్ళినా, మంచాన పడినా కట్టవలసిందే. ఒక్కరు తప్పుకొంటే వారి భారం తక్కినవారి మీద పడుతుంది. కనుక ఎవరినీ వదలకపోవటమే నిర్వాహకులకు లాభం. పైగా అనేక ఒప్పందాలకు గడువే లేదు. ఊరికే ఇస్తామన్నా పుచ్చుకొనేవారు లేని వాటాలు ఎన్నో. అభిమన్యుడికి లాగానే, లోపలికి దారి మాత్రమే తెలిసిన వ్యూహమిది.

బయటికి దారిని చట్టం మెల్లమెల్లగా తవ్వింది. బ్రిటన్ 1992లో చేసిన చట్టం, సంతకం చేసిన తరువాత మనసు మార్చుకొనేందుకు 14 రోజులిచ్చింది. 1994లో ఐరోపా సమాజం కనీసం 10 రోజుల గడువు విధించి, ఆలోగా బయానా పుచ్చుకోరాదన్నది. 2008 నాటి కొత్త ఆదేశం దాన్ని 14 రోజులు చేసింది. కానీ ఇవన్నీ తొలి దినాల తలుపులు. ఇరవయ్యేళ్ళుగా కడుతున్న వృద్ధులకు అవి అక్కరకు రాలేదు.

వారికి అసలు తలుపు స్పెయిన్‌లో తెరుచుకొంది. అక్కడి 1998 చట్టం కాలవాటాకు 50 ఏళ్ళ గరిష్ఠ పరిమితి పెట్టింది. అయినా శాశ్వత ఒప్పందాల అమ్మకం ఆగలేదు. గ్రాన్ కనేరియా దీవిలో వాటా కొన్న ఒక నార్వే మహిళ న్యాయస్థానానికెక్కింది. 2015 జనవరిలో స్పెయిన్ సర్వోన్నత న్యాయస్థానం, గడువులేని అటువంటి ఒప్పందం చెల్లదని తీర్పునిచ్చింది. ఆ తీర్పు ఎందరికో ఆధారమైంది.

వాటాను అమ్మిపెడతామంటూ ముందే సొమ్ము పుచ్చుకొని మాయమయ్యే దళారులు పుట్టుకురావటం ఈ కథలోని మరో విషాదం. అమ్మకం పూర్తికాకముందు వారు పైకం తీసుకోరాదని 2008 ఆదేశమే నిషేధించింది.

తండ్రి ఋణం తీర్చటం కొడుకు ధర్మమన్న భావన మనకు కొత్తది కాదు. ఆ ధర్మం పేరిట కొడుకుమీద దావా వేసే వీలును మన దేశం 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి తొలగించింది. ఋణానికే అంతముండాలని మనం ఒప్పుకొన్నాం. విహారానికి మాత్రం అంతం లేకపోవటమేమిటి? ఆస్తికి ప్రాణం అనుభవంలో ఉన్నదంటారు కానీ, వదులుకోగలగటంలో కూడా ఉన్నదని ఈ అర్ధశతాబ్దపు చరిత్ర చెబుతున్నది.