కరెంటు తీగలపై పక్షులు

11 కిలోవోల్టుల తొడుగులేని తీగపై కాకి, పాలపిట్ట నిక్షేపంగా వాలతాయి. కాళ్ల చర్మమే కాపాడుతుందన్న నమ్మకం సరికాదు. కరెంటు పారాలంటే వోల్టేజి తేడా కావాలి. పిట్ట కాళ్లు రెండూ ఒకే తీగపై ఉంటాయి. కిలోమీటరుకు అర ఓం నిరోధమున్న తీగలో 100 ఆంపియర్లు పారుతున్నా, 5 సెంటీమీటర్ల ఎడంలోని కాళ్ల మధ్య తేడా 2.5 మిల్లీవోల్టులే. ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకి రాదు.

రెక్క పక్క తీగకో, ఎర్త్ అయిన ఇనుప స్తంభానికో అదే సమయంలో తగిలితే మాత్రం చావే. అందుకే గద్దలు, కొంగల వంటి పెద్ద రెక్కల పక్షులకు ముప్పెక్కువ. తీగలకు వేలాడే చచ్చిన గబ్బిలాలు చాలావరకు ఇలా బలైనవే.

రాజస్థాన్ బట్టమేకపిట్టలది వేరే గొడవ. వాటికి ఎదుటి చూపు తక్కువ. ఎగురుతూ హైటెన్షన్ తీగలను గుద్దుకుని చనిపోతాయి.