కిక్ స్టార్టరు కథ

గోడగడియారమునకు కీ ఇచ్చునప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడగుట మీరందరు విన్నదే. కీ ఒక వైపునకు తిరుగును గాని, చేయి వదలినంత మాత్రమున స్ప్రింగు వెనుకకు విప్పుకొనిపోదు. లోపల వాలుగా కోసిన పళ్ళచక్ర మొకటి, దానిపై ఆని యుండు చిన్న నాలుక యొకటి ఉండుటయే ఇందుకు కారణము. సైకిలు వెనుక చక్రములోని ఫ్రీవీలు కూడ ఈ జాతిదే. మోటారు సైకిలు ఇంజనును కాలితో తన్ని నడిపించు కిక్ స్టార్టరునకు సైతము ఈ నాలుకయే ప్రాణము.

తొలినాటి మోటారు సైకిళ్ళకు ఈ పరికరము లేదు. ఇంజను నుండి తోలుబెల్టు సూటిగా వెనుక చక్రమునకు పోయెడిది. చాల బండ్లకు క్లచ్చు లేదు, గేర్లు లేవు. బండి కదలవలెనన్న ఇంజను తిరుగవలెను. ఇంజను తిరుగవలెనన్న బండి కదలవలెను! కావున పెడళ్ళు తొక్కుటయో, బండిని తోయుచు పరుగెత్తి ఇంజను అందుకొన్నంతనే పైకి దూకుటయో చేసెడివారు. కూడలిలో ఆగిన ప్రతిసారి ఈ వ్యాయామము తప్పదు. పరుగెత్తలేని వారికి ఈ వాహనము అందని పండే.

ఈ చిక్కును విడదీసిన వారిలో ముందుగా చెప్పదగినవాడు ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్. 1875లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డులో జన్మించిన ఈ ఇంజనీరు, 1908లో తన పేర వెలువడిన రెండు సిలిండర్ల టూస్ట్రోక్ బండికి రెండు వేగముల గేరును, గొలుసును, కాలితో తన్ను స్టార్టరును కలిపి అమర్చెను. స్టార్టరు ఒక్కటే యుండి ప్రయోజనము లేదు. ఇంజనును చక్రమునుండి విడదీయు ఉపాయము కూడ ఉన్నప్పుడే నిలిచిన బండిపై ఇంజను తిరుగగలదు. ఈ రెంటిని ఒకచోట చేర్చుటలోనే స్కాటు ప్రజ్ఞ యున్నదని నా తలంపు.

కారునకు 1912 నాటికే, కాడిలాక్ బండితో, విద్యుత్ స్టార్టరు వచ్చెను. మోటారు సైకిలునకు కూడ 1914లో అమెరికాలోని ఇండియన్ కంపెనీ అట్టి ప్రయత్నము చేసెను. (మన దేశముతో ఆ కంపెనీకి గల బంధుత్వము పేరు మాత్రమే.) నాటి బ్యాటరీలు ఆ బరువు మోయలేకపోయినవి, ప్రయత్నము విఫలమయ్యెను. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. 1915లో వెలువడిన ట్రయంఫ్ మోడల్ హెచ్ బండికి పెడళ్ళు తీసివేసి, మూడు వేగముల గేరుపెట్టెను, కిక్ స్టార్టరును అమర్చిరి. సేనల మధ్య వార్తలు మోయు సైనికునకు, ఫిరంగి మ్రోతల నడుమ ఆగిన ఇంజను ఒక్క తన్నుతో మరల అందుకొనుట ప్రాణముతో కూడిన విషయము. తరువాత అరువది సంవత్సరములకు పైగా కాలే రాజ్యమేలినది.

పాత ఇంగ్లీషు గేరుపెట్టె మూత విప్పి చూతము. కిక్కు ఇరుసు లోపలి కొన ఒక గేరు చక్రపు గర్భములోనికి దూరి యుండును. ఆ చక్రపు లోపలి అంచున వాలు పళ్ళు కోయబడి యుండును. ఇరుసుకొనయందు నాలుక, దాని క్రింద వ్రేలిగోరంత స్ప్రింగు, చిన్న పొట్టి కడ్డీ. బండి నడచుచున్నప్పుడు పెట్టెలోని ఒక ఆపుడు పలక ఈ నాలుకను అణచి ఉంచును. కాలితో త్రొక్కగానే నాలుక ఆ పలకను వదలి పైకి లేచి పళ్ళను పట్టుకొనును. ఆ బలము గేర్లు, క్లచ్చు, గొలుసు దాటి ఇంజను ఇరుసును చేరును. అందుచేతనే ఇట్టి బండ్లను న్యూట్రలులో నుంచి, క్లచ్చు వదలియే తన్నవలెను. క్లచ్చు జారినచో ఎంత తన్నినను వృథా. ఇంజను అందుకొన్న వెంటనే చక్రము ఇరుసుకన్న వేగముగా తిరిగి, వాలు పళ్ళు నాలుకపై జారిపోవును. పెద్ద స్ప్రింగు కడ్డీని యథాస్థానమునకు చేర్చును.

విప్పుట సులభము, మరల కూర్చుటలోనే ఉన్నది కష్టమంతయు. నాలుక క్రింది స్ప్రింగు చేయి జారెనా, దుమ్ములో వెదకుటయే పని. కొంచెము గ్రీసు పూసి దానిని గుంటలో నిలుపుట పాత పనివారి ఉపాయము. పెద్ద స్ప్రింగు ఒక కొనను పెట్టె రంధ్రములో, రెండవ కొనను ఇరుసునకు తగిలించి, మూత వేయుటకు ముందే కొంత మెలిపెట్టవలెను. మెలిక చాలనిచో కడ్డీ సగములో వ్రేలాడును. ఎక్కువైనచో తన్ను పూర్తి కాకమునుపే చుట్లు బిగిసి విరుగును. నాలుక పలకపై ఆనకున్నచో బండి నడచినంతసేపు టకటక చప్పుడు, పళ్ళ అరుగుదల. మూత వేసిన పిదప చేతితో మూడు నాలుగు మార్లు మెల్లగా నొక్కి చూడవలెను: కొంచెము కదలగానే పట్టవలెను, వదలగానే పూర్తిగా తిరిగి రావలెను.

అరిగిన పళ్ళను చూచి కూడ పోనిమ్మని మరల బిగించువారు కలరు. ఇది నేను ఒప్పుకొనలేని పని. మనిషి తన బరువంతయు కాలిపై మోపి తన్నినప్పుడు సగములో నాలుక జారినచో, ఎదుటి బలము ఒక్కసారిగా మాయమై మోకాలు బెణుకును, ముంగాలు గీరుకొనును. రెండవ అపాయము ఎదురుతన్ను. పిస్టను పైకి చేరకముందే నిప్పురవ్వ అంటుకొన్నచో పేలుడు పిస్టనును వెనుకకు నెట్టును. పళ్ళను పట్టియున్న కడ్డీ ఆ దెబ్బను సూటిగా చీలమండకు అందించును. అందుకే పెక్కు పాత బండ్ల హ్యాండిలుపై రవ్వను ఆలస్యము చేయు చిన్న మీట ఉండెడిది.

మన దేశమున 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్టు బండ్లు రాసాగినవి. సిలిండరులోని ఒత్తిడిని వదలు మీటను నొక్కి, ఆమీటరు ముల్లును చూచి, పిస్టను స్థానము కుదిరిన పిదపనే తన్నుట వాటి వాడుక. బలముకన్న వీలు తెలిసినవాని మాటనే ఆ ఇంజను వినెడిది. 1961లో మైసూరు నుండి వచ్చిన జావాలో గేరుకు, కిక్కుకు ఎడమవైపు కడ్డీ ఒక్కటే. లోనికి నొక్కి పైకి త్రిప్పినచో గేరు మీటయే కిక్కుగా మారును. కొత్తగా చూచినవారు కిక్కు ఎక్కడనని బండి చుట్టు తిరిగెడివారు.

1965లో హార్లీ డేవిడ్‌సన్ ఎలక్ట్రా గ్లైడ్, 1969లో హోండా సీబీ 750 విద్యుత్ స్టార్టరుతో వచ్చినవి. హోండా కిక్కును కూడ తోడుగా ఉంచుకొనెను. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350 ఆ తోడును సైతము వదలుకొన్నది. అయినను పాత బుల్లెట్లు మన ఊళ్ళలో ఇంకను తిరుగుచునే యున్నవి. వాటి గేరుపెట్టె మూత విప్పబోవు అనుభవజ్ఞుడైన మెకానిక్కు, స్పానరు పట్టుటకు ముందు నేలపై ఒక తెల్లని గుడ్డ పరచుకొనును, ఆ వ్రేలిగోరంత స్ప్రింగు కొరకు.