సినాప్స్ బలహీనత: కువైట్‌లో రాసిన ఒక అధ్యాయం

2003లో జర్నల్ ఆఫ్ న్యూరోఫిజియాలజీలో కువైట్ విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధనా పత్రం వెలువడింది. ఎలుక మెదడులో న్యూక్లియస్ అక్యూంబెన్స్ అనే చిన్న ప్రాంతం ఉంది. అక్కడికి ‘సబ్‌స్టెన్స్ పి’ అనే పెప్టైడ్ చేరినప్పుడు నాడీకణాల మధ్య నడిచే ఉత్తేజక సంకేతం తగ్గుతుందనీ, ఆ తగ్గుదల డోపమైన్, అడినోసిన్‌ల మీదుగా జరుగుతుందనీ ఆ పత్ర సారాంశం. మొదటి రచయిత శామ్యూల్ కోంబియన్. సహరచయితలలో కె.వి.వి. అనంతలక్ష్మి అన్న పేరు తెలుగు పాఠకుని కంటికి వెంటనే ఆనుతుంది. కడప జిల్లా పల్లెల నుంచి వలస వెళ్లినవారి కష్టసుఖాల సందర్భంలో తప్ప తెలుగు పత్రికలలో కువైట్ ప్రస్తావన అరుదు. నాడీశాస్త్ర చరిత్రలో ఆ దేశానికి ఒక పుట ఉందన్న సంగతి బహుశా అందుకే ఇక్కడ ఎవరి దృష్టికీ రాలేదు.

ఆ పుట అర్థం కావాలంటే, అది ఏ వాదానికి కొనసాగింపో ముందు చూడాలి.

రెండు నాడీకణాలు కలిసే చోటుకు సినాప్స్ అన్న పేరు 1897లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, లండన్‌లోని రాయల్ సొసైటీలో ఇచ్చిన ఉపన్యాసంలో, స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ మానసిక అభ్యాసం వల్ల కణాల మధ్య సంబంధాలు పెంపొందుతాయని ఊహించాడు. 1949లో కెనడా మనస్తత్త్వవేత్త డొనాల్డ్ హెబ్ ఆ ఊహకు ఒక నియమాన్ని ఇచ్చాడు. ఒక కణం పదేపదే మరో కణాన్ని ప్రేరేపించడంలో పాలుపంచుకుంటే వాటి మధ్య బంధం బలపడుతుందన్నది ఆ నియమం. దానికి ప్రయోగ నిదర్శనం దొరకడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఓస్లోలో టిమ్ బ్లిస్, తెర్యే లోమో మత్తులో ఉంచిన కుందేళ్ల హిప్పోకాంపస్‌కు వెళ్లే నాడీమార్గంలో వేగవంతమైన విద్యుత్ స్పందనలు పంపి చూశారు. 18 కుందేళ్లలో 15 కుందేళ్లకు సంకేతం పెరిగింది. ఆ పెరుగుదల అరగంట నుంచి పది గంటల దాకా నిలిచింది. 1973లో ప్రచురితమైన ఆ ఫలితమే తరవాత దీర్ఘకాలిక బలవర్ధనం అన్న పేరుతో స్థిరపడింది.

హెబ్ నియమానికి వచ్చిన ప్రచారం దాని లోపాన్ని చాలాకాలం కప్పిపుచ్చిందనే చెప్పాలి. ప్రతి అనుభవమూ బంధాలను బలపరుస్తూనే పోతే, కొంతకాలానికి అన్నీ గరిష్ఠస్థాయికి చేరుకుంటాయి. తుడవని పలక మీద రాస్తూ పోయినట్టే, కొత్త అక్షరానికి చోటుండదు. నిజానికి నేర్పుకూ సినాప్స్‌కూ గల సంబంధాన్ని ముందుగా చూపిన ప్రయోగాలలో ఒకటి బలహీనతకు సంబంధించినదే. సముద్రంలో బతికే అప్లీసియా అనే నత్తను మెల్లగా తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. పదేపదే తాకితే, హాని లేదని గ్రహించి పట్టించుకోవడం మానేస్తుంది. స్పర్శను మోసే కణానికీ కండరాన్ని కదిలించే కణానికీ మధ్య సంకేతం సన్నగిల్లడమే దీనికి కారణమని ఎరిక్ కాండెల్ బృందం 1970లో చూపింది. అయినా ‘జ్ఞాపకమంటే బలపడటం’ అన్న మాటే పాఠ్యపుస్తకాలలో ముందుకు వచ్చింది.

1982లో మసావో ఇటో చిన్నమెదడులో దీర్ఘకాలిక క్షీణతను వర్ణించాడు. హిప్పోకాంపస్ విషయంలో 1992 నాటి సెరీనా డూడెక్, మార్క్ బేర్‌ల ప్రయోగం నిర్ణాయకమైనది. వారు ఒకే మార్గంలో 900 స్పందనలు పంపి, వాటి వేగాన్ని మాత్రమే మార్చారు. సెకనుకు ఒకటి నుంచి మూడు పంపితే బంధం బలహీనపడింది, పదికి దాదాపు మార్పు లేదు, యాభైకి బలపడింది. మార్గం ఒకటే, స్పందనల సంఖ్య ఒకటే; ఫలితాన్ని తిప్పినది లయ. సంకేతం అందుకునే కణం మీద గ్లూటమేట్‌ను పట్టే గ్రాహకాలు ముఖ్యంగా రెండు రకాలు: మామూలు సంకేతాన్ని అప్పటికప్పుడు మోసే ఆంపా గ్రాహకాలు, కణం తగినంత ఉత్తేజితమైతేనే తెరుచుకుని కాల్షియాన్ని లోనికి వదిలే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు. కాల్షియం ఒక్కసారిగా, ఎక్కువగా వస్తే కణం పైపొరలోకి మరిన్ని ఆంపా గ్రాహకాలు చేరతాయి. కొద్దికొద్దిగా, ఎక్కువసేపు వస్తే ఉన్నవి కొన్ని లోనికి తొలగిపోతాయి.

కోంబియన్ ఈ చరిత్రలోకి ఇక్కడే ప్రవేశిస్తాడు. 1994లో రాబర్ట్ మలెంకాతో కలిసి నేచర్ పత్రికలో ప్రచురించిన పత్రంలో ఆయన చూపినది, పై రెండు ధోరణులూ ఒకే చోట, ఒకే సమయంలో జరగవచ్చని. న్యూక్లియస్ అక్యూంబెన్స్‌లో వేగంగా ప్రేరేపించినప్పుడు ఆంపా తరహా స్పందన దీర్ఘకాలం బలపడింది, ఎన్‌ఎండీఏ స్పందన దీర్ఘకాలం తగ్గింది. సినాప్స్ బలపడిందా, బలహీనపడిందా అని అడగడమే అసంపూర్ణమని ఆ ఫలితం తేల్చింది. దానిలోని ఏ భాగం అన్నది కూడా అడగాలి.

తరవాత ఆయన పని సాగినది కువైట్‌లో. 1990 ఆగస్టులో మొదలైన ఇరాక్ ఆక్రమణలో అక్కడి విశ్వవిద్యాలయం తీవ్రంగా దోపిడీకి గురైంది. ఫార్మసీ కళాశాల విముక్తి తరవాత, 1996లో ఏర్పడినది. జాబ్రియాలోని ఆరోగ్యశాస్త్రాల ప్రాంగణం నుంచి 2003 నాటి పత్రం, మరుసటి ఏడాది కోలిసిస్టోకైనిన్ మీద ఇంకొక పత్రం వచ్చాయి. కోలిసిస్టోకైనిన్ పిత్తాశయాన్ని ముడిచే హార్మోనుగా వైద్య విద్యార్థులకు పరిచితం; మెదడులో అదే అణువు కణాలను ఉత్తేజపరుస్తూనే, వాటికి చేరే ఉత్తేజక సంకేతాన్ని తగ్గిస్తుందని ఆ పత్రం చెప్పింది. పద్ధతి శ్రమతో కూడినది. మిల్లీమీటరులో సగమైనా మందం లేని మెదడు ముక్కలను ఆక్సిజన్ అందే లవణద్రావణంలో సజీవంగా ఉంచి, వెంట్రుక కన్నా సన్నని గాజునాళికతో ఒక్కొక్క కణం విద్యుత్తును కొలవాలి. 2003 నాటి మార్గంలో ఉన్న అడినోసిన్ పనికి అడ్డుపడే పదార్థాలలో కెఫీన్ ఒకటి. దివానియాలలో యాలకుల పరిమళంతో చేతులు మారే కాఫీలోనూ అది ఉంటుంది.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవడం అవసరం. పెప్టైడ్ చేరినప్పుడు సంకేతం తగ్గడమూ, నేర్పు వల్ల బంధం దీర్ఘకాలం సన్నగిల్లడమూ ఒకటి కావు. మొదటిది కుళాయిని కాసేపు తిప్పి ధారను తగ్గించడం వంటిది. రెండవది గొట్టాన్నే మార్చడం. కానీ ఎన్‌ఎండీఏ ద్వారం తెరుచుకోవడానికి ఎంత సంకేతం అందుతుందన్నది మొదటిదాని మీద ఆధారపడుతుంది గనుక, రెండవది జరుగుతుందో లేదో నిర్ణయించడంలో దానికీ పాత్ర ఉండక తప్పదు.

ఈ ప్రాంతాన్నే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. ఆశకూ, ప్రతిఫలానికీ, వ్యసనానికీ సంబంధించిన మార్గాలు న్యూక్లియస్ అక్యూంబెన్స్‌లో కలుస్తాయి. 2001లో మలెంకా బృందం కొకైన్‌ను పలుమార్లు ఇచ్చిన చుంచెలుకలను, చివరి మోతాదు తరవాత రోజులు గడిచాక పరీక్షించింది. అక్కడి సినాప్సులు అప్పటికే సన్నగిల్లి ఉన్నాయి. ప్రయోగశాలలో వాటిని ఇంకా తగ్గించబోతే మామూలు జంతువులలో తగ్గినంతగా తగ్గలేదు. మాదకద్రవ్యం శరీరాన్ని విడిచిపోయినా, నేర్పుకు వాడవలసిన ఆ అవకాశాన్ని అది ముందే వాడేసుకుని పోయింది.