సన్నబడిన పుపుస ధమనులు: శిశు హృద్రోగ చికిత్సా పరిణామం

ఉపోద్ఘాతం

గుండె కుడి జఠరిక నుండి చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు చేర్చే రక్తనాళం పుపుస ధమని. పుట్టుకతోనే ఈ మార్గం ఇరుకై, జఠరికల నడుమ గోడలో రంధ్రం కూడా ఉన్నప్పుడు, ఆమ్లజని లేని రక్తం నేరుగా శరీరంలోకి ప్రవహిస్తుంది. శిశువు పెదవులు, గోళ్లు నీలివర్ణం దాలుస్తాయి. ఇటువంటి లోపాల సముదాయాన్ని 1888లో ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు ఆర్థర్ ఫాలో సమగ్రంగా వివరించాడు. జబ్బుకు పేరు స్థిరపడినా, చికిత్స రావడానికి అర్ధ శతాబ్దికి పైగా పట్టింది.

తొలి మార్గం

బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో శిశు హృద్రోగ నిపుణురాలు హెలెన్ టాసిగ్ ఒక విషయాన్ని గమనించారు. గర్భస్థ దశలో బృహద్ధమనిని, పుపుస ధమనిని కలిపే నాళం పుట్టిన తరువాత కూడా తెరచి ఉన్నంతకాలం నీలి శిశువుల స్థితి కొంత మెరుగ్గా ఉండేది. అది మూసుకోగానే క్షీణించేది. అటువంటి నాళాన్ని కృత్రిమంగా కల్పించవచ్చుననే ఆలోచనకు ఇదే మూలం. శస్త్రవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ప్రయోగశాలలో వివియన్ థామస్ ఆ పద్ధతిని కుక్కలపై పరీక్షించి రూపొందించాడు. 1944 నవంబరు 29న బ్లాలాక్ ఒక శిశువుకు చేతికి వెళ్లే ధమనిని పుపుస ధమనికి కలిపి కుట్టాడు. థామస్ ఆయన వెనుక నిలబడి సూచనలిచ్చాడు.

పరిష్కారంలోంచి పుట్టిన సమస్య

ఈ శస్త్రచికిత్స ఇరుకును తొలగించలేదు; దానిని దాటిపోయే దారిని మాత్రమే కల్పించింది. పైగా కుట్టిన చోట పుపుస ధమని వంకర తిరగడం, మరింత సన్నబడడం కొందరిలో కనిపించింది. 1954లో మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై బృందం గుండెను తెరచి లోపాలను సరిచేయడంతో మూల చికిత్సకు మార్గం ఏర్పడింది. అయినా ఊపిరితిత్తుల లోతుల్లోని శాఖలు శస్త్రవైద్యుని కత్తికి అందేవి కావు.

ఆ లోటును క్యాథెటర్ తీర్చింది. 1983లో జేమ్స్ లాక్, సహచరులు సన్నబడిన పుపుస ధమనులను బెలూనుతో వెడల్పు చేసిన ఫలితాలను ప్రకటించారు. బెలూను ధమని గోడ లోపొరలను చీల్చి దారిని పెంచుతుంది. కాని సాగే గుణమున్న గోడ కొన్ని సందర్భాల్లో మళ్లీ ముడుచుకొనేది. దానిని నిలిపి ఉంచేందుకు లోహపు జాలీగొట్టం, అనగా స్టెంటు, వచ్చింది. చార్ల్స్ మల్లిన్స్ బృందం జంతువులపై చేసిన ప్రయోగాలు 1988లో, రోగులలో ఫలితాలు 1991లో వెలువడ్డాయి. ఇక్కడ మరో చిక్కు ఎదురైంది: బిడ్డ పెరుగుతుంది, లోహం పెరగదు. అందుచేత పసిబిడ్డలో అమర్చే స్టెంటును తరువాతి కాలంలో మళ్లీ వెడల్పు చేయగలగాలన్నది ముఖ్య నియమమైంది.

ముగింపు

ఈ చరిత్రలో ప్రతి పరిష్కారమూ తరువాతి ప్రశ్నకు పుట్టినిల్లు. దానిని ప్రముఖుల విజయగాథగా మాత్రమే చదివితే రెండు అంశాలు మరుగున పడతాయి. ఒకటి, చికిత్స ఒక్కరోజుతో ముగియక బిడ్డ ఎదుగుదలతో పాటు సాగడం. రెండు, శ్రమకు దక్కిన గుర్తింపు. కళాశాల పట్టా లేని నల్లజాతీయుడైన థామస్ పేరు 1945 నాటి తొలి పరిశోధనపత్రంలో లేదు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది 1976లో. చిరకాలం ‘బ్లాలాక్–టాసిగ్’గా వ్యవహరించిన శస్త్రచికిత్సను నేడు పలువురు ‘బ్లాలాక్–థామస్–టాసిగ్’ అని రాస్తున్నారు. వైద్య చరిత్ర రచనలో పత్రాలపై ఉన్న పేర్లతో పాటు, ప్రయోగశాలలో పనిచేసిన చేతులను కూడా లెక్కించాలని ఈ మార్పు సూచిస్తోంది.