చదివే గొంతు, వినే చెవి: గోదావరి డెల్టాలో తాతమనుమల పఠన సంబంధం

గోదావరి డెల్టాలో ఆధునిక పఠన చరిత్రను రాసినవారు సాధారణంగా సంస్థలతోనే ఆరంభిస్తారు. 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం, కాలువల కింద మాగాణి విస్తరణ, ఆ రాబడి అండతో పట్టణాలలో పాఠశాలలూ ముద్రణాలయాలూ వెలయడం, 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను, అదే ఏడు ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించడం, 1897లో భీమవరం సమీపాన కుముదవల్లి గ్రామంలో వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయం ఏర్పడడం, నాళం కృష్ణారావు కృషితో రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం రూపుదిద్దుకోవడం – ఈ వరుస పరిశోధకులకు సుపరిచితం. అయితే ఈ చరిత్ర గ్రంథాలయపు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. గుమ్మం దాటి ఇల్లు చేరిన పుస్తకాన్ని ఎవరు చదివారు, ఎవరు విన్నారు, అర్థం ఎవరు చెప్పారు అనే ప్రశ్నలు అందులో పెద్దగా వినిపించవు.

ఇంటిలోని పఠనాన్ని తలచుకొన్నప్పుడు నేటి ఊహకు తట్టే చిత్రం ఒకటున్నది: పుస్తకం చేత పట్టిన తాత, ఒడిలో మనుమడు. పంతొమ్మిదో శతాబ్ది చివరి పాదం నుంచి ఇరవయ్యో శతాబ్ది నడిమి వరకు డెల్టా లోగిళ్లలో నడిచిన పఠనానికి ఈ చిత్రం చాలామేరకు సరిపడదు. అక్కడ పుస్తకం తరచు మనుమడి చేతిలోనే ఉండేది. గొంతు పిల్లవాడిది, అర్థం పెద్దవారిది. చదువు మీది ప్రీతి పై తరం నుంచి కింది తరానికి ఒక్క దిక్కుగా పారలేదు. ఇద్దరూ కలిస్తే తప్ప పఠనమే పూర్తికాని స్థితి వల్ల అది ఉభయులకూ అలవడింది. ఈ పరస్పరాశ్రయాన్ని గుర్తించకపోతే డెల్టాలో పుస్తకం కుటుంబాలలోకి ప్రవేశించిన తీరు బోధపడదు.

దీనికి మొదటి కారణం దేహధర్మమే. కళ్లజోడు అందరికీ అందుబాటులో లేని కాలంలో నలభై, నలభైఅయిదేళ్లు దాటిన పాఠకుడికి అచ్చక్షరం అలుక్కుపోయేది. ఆముదపు దీపం, ఆ తరవాతి కిరసనాయిలు దీపం సన్నని అక్షరాలకు చాలినంత వెలుగునిచ్చేవి కావు. పగలు పనిపాటలతో గడిచిపోయే ఇళ్లలో చదువుకు చిక్కేది సంధ్య దాటిన వేళే. అట్టి వేళ పఠనం సాగాలంటే చిన్నవారి కళ్లు కావాలి.

ఈ విషయంలో డెల్టా చరిత్ర మన ముందుంచే ఉదాహరణ చిలకమర్తి లక్ష్మీనరసింహం. 1867లో ఖండవల్లిలో జన్మించి వీరవాసరంలో పెరిగిన చిలకమర్తికి బాల్యం నుంచీ రేచీకటి. సూర్యాస్తమయంతో ఆయన పుస్తకం మూతపడేది. రాత్రివేళ చదువు పరుల కంఠం ద్వారానే సాధ్యం. వయసు మీరినకొద్దీ చూపు మరింత సన్నగిల్లి, చివరికి పూర్తిగా పోయింది. ‘గయోపాఖ్యానం’ నాటకకర్తగా, ‘గణపతి’ నవలాకర్తగా ఆంధ్రదేశమంతటా పేరుపొందిన రచయిత తన ‘స్వీయచరిత్రము’ను ఇతరులకు చెప్పి రాయించవలసి వచ్చింది. ఆ గ్రంథాన్ని చదివేవారికి ఆయన ధారణశక్తి ఎంతటిదో తెలుస్తూనే ఉంటుంది; విని నిలుపుకొన్న విద్యకు అది నిదర్శనం.

ఇంతకన్న గమనించదగిన సంగతి మరొకటి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలోని రామమోహన గ్రంథాలయంలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమ మహాసభకు అధ్యక్షత వహించినది చిలకమర్తియే. ఆ సభకు ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్య కూడా గోదావరి మండలంలోని కొంకుదురులో పుట్టినవాడే. గ్రంథాలయోద్యమపు తొలి మహాసభ పీఠం మీద కూర్చున్నవాడు సగం చదువును చెవితో సంపాదించినవాడు! దీనిని కేవలం యాదృచ్ఛికమని తోసివేయవచ్చు. కాని ఆనాటి సభాసదులకు ఇందులో వింత కనిపించి ఉండదు. చదవడమంటే వినడం కూడా అన్న భావన వారికి సహజం. పుస్తకం ముందు ఒంటరిగా, పెదవి కదపకుండా కూర్చున్నవాడే పాఠకుడన్న నిర్వచనం ఆ తరవాతిది.

రెండో కారణం గ్రంథస్వభావంలో ఉన్నది. ఇళ్లలో చదివినవి ప్రధానంగా పద్యగ్రంథాలు: పోతన భాగవతం, కవిత్రయ భారతం, రామాయణ కావ్యాలు, శతకాలు. తెలుగు పద్యాన్ని కంటితో చదివి పదాలను విడదీయడం పిల్లవాడికి సులభం కాదు. పాదం చివర పదం ముగియాలన్న నియమం మన పద్యానికి లేదు. పదం విరిగి మరుసటి పాదంలోకి పోతుంది. సంస్కృతంలో వలె తెలుగులో యతి విరామస్థానం కాదు, అక్షరమైత్రి మాత్రమే. కనుక ఆగవలసిన చోటును అదీ చూపదు. పైగా సంధి కార్యాలు, దీర్ఘసమాసాలు, పాత ముద్రణలలో పదాల మధ్య ఎడం పాటించకపోవడం. ఎనిమిదేళ్ల బాలుడు అక్షరాలన్నీ తప్పులేకుండా పలికి కూడా పద్యాన్ని తప్పుగా చదవగలడు.

ఆ తప్పును పట్టుకొనేది వినేవారి చెవి. ఈ చెవికి అక్షరజ్ఞానం ఉండవలసిన పనిలేదు. పురాణ కాలక్షేపాలలో, హరికథలలో, ఇంటి పారాయణలలో గజేంద్రమోక్షమో ప్రహ్లాద చరిత్రయో పదులసార్లు విన్న ముసలామెకు పద్యం నడక కంఠస్థం. మనుమడు విరుపు తప్పగానే ఆమె ఆపుతుంది, సరిగా చెప్పి మళ్లీ చదివిస్తుంది. గోదావరి సీమలో ‘మామ్మ’ అని పిలిచే ఈ శ్రోత నిజానికి పరీక్షాధికారి కూడా. పిల్లవాడికి అప్పకవీయం పేరైనా తెలియకముందే ఉత్పలమాలకూ కందానికీ గల నడక భేదం ఈ దిద్దుబాటులోనే చెవికెక్కేది. ఛందస్సు పాఠశాలలో శాస్త్రంగా ఎదురయ్యేనాటికి అది పాత పరిచయమే. డెల్టా నుంచి అంతమంది పద్యకవులు, అవధానులు, పద్యనాటక రచయితలు రావడానికి ఆస్థానాలను, గురుకులాలను మాత్రమే కారణంగా చూపే వివరణలో ఈ గృహశిక్షణకు చోటు దక్కకపోవడం లోపమే.

అయితే ప్రతి ఇంటా పెద్దలు తెలుగు పఠనానికి చేయూతనిచ్చారని అనుకోరాదు. 1891లో పొలమూరులో జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూను’ ఇందుకు ప్రబల సాక్ష్యం. వేదశాస్త్రాలు కులవిద్యగా గల ఆ ఇంట తెలుగు కవిత్వం మీది మోజు పిల్లవాణ్ణి చెడగొట్టే వ్యసనంగా తోచింది. సంస్కృత పాఠాల చాటున తెలుగు పుస్తకాలు చదువుకోవలసిన స్థితి అతనిది. అక్కడ ప్రీతి పెద్దలు పంచినది కాదు, వారి కన్నుగప్పి దక్కించుకొన్నది. పండితుల ఇళ్ల కన్నా, పాండిత్యం లేక భక్తి మాత్రమే ఉన్న ఇళ్లే తెలుగు గ్రంథపఠనానికి అనువుగా ఉండేవన్న అనుమానం ఈ ఉదాహరణ వల్ల బలపడుతుంది.

వచనం రాకతో పరిస్థితి మారసాగింది. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడడం తెలుగు నవలా చరిత్రలో మైలురాయి. అయినా ఇళ్లలోని పఠనాన్ని మార్చిన గ్రంథమేదని అడిగితే ముందుగా చెప్పవలసినది ‘కాశీమజిలీ కథలు’. రాజమహేంద్రవర నివాసి మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) రచించిన ఈ బృహత్కథావళిని సాహిత్య చరిత్రకారులు ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టడం పరిపాటి. అద్భుత కథలు, పిల్లల కాలక్షేపం అన్న చిన్నచూపు దీనికి కారణం. పఠన చరిత్ర దృష్టితో చూస్తే ఆ కాలంలో వెలువడిన పెక్కు ప్రబంధాల కన్నా దీని తూకం ఎక్కువ.

దాని కథాసంవిధానాన్నే చూడవచ్చు. కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధుడికి తోడు దొరకదు. చివరకు ఒక గొల్లపిల్లవాడు ఒప్పుకుంటాడు, కాని షరతు పెడతాడు: దారిలో తాను చూసి అడిగిన ప్రతి వింతకూ మజిలీలో కథ చెప్పాలి. మహిమ గల మణి సాయంతో యతి పూర్వవృత్తాంతం తెలుసుకొని చెబుతాడు. కథ లేకపోతే పిల్లవాడు కదలడు, పిల్లవాడు లేకపోతే పెద్దవాడికి యాత్ర లేదు. భారతంలో వైశంపాయన జనమేజయుల వలె ఇది వక్తృశ్రోతల చట్రమే. కాని ఇక్కడ అడిగేవాడు రాజు కాదు, పశువులు కాచుకొనే బాలుడు. పెద్దవాడి జ్ఞానాన్ని కదిలించేది అతని ప్రశ్న. డెల్టా లోగిళ్లలో మనుమలకూ తాతలకూ మధ్య నడిచే బేరాన్ని ఈ చట్రం ఎంత దగ్గరగా పోలినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ గ్రంథం ఇంటింటా నిలవడానికి ఈ పోలిక కూడా ఒక హేతువు కావచ్చు.

భాష గ్రాంథికమే అయినా సరళం. ఇక్కడే ఒక చీలిక మొదలైంది. పద్యానికి అర్థం చెప్పడానికి పెద్దవారు కావాలి. ‘కాశీమజిలీ’ వచనానికి అక్కరలేదు. చదవనేర్చిన పిల్లవాడు ఒక మజిలీ మామ్మకు చదివి, ఆమె నిద్రపోయాక తరవాతి మజిలీని తానే చదువుకోగలడు. వచనం పిల్లవాడికి స్వాతంత్ర్యమిచ్చింది, పెద్దవారిని శ్రోతలుగానే మిగిల్చింది.

స్త్రీల విషయం కొంత విడిగా చూడాలి. 1874లో ధవళేశ్వరం పాఠశాలలో ఎనిమిదేళ్ల వయసున చేరిన బాలికను ఊహించితే, నాటి వివాహ వయస్సును బట్టి ఆమె నలభై ఏళ్లు దాటేసరికి, అనగా 1906–1910 ప్రాంతానికి, అమ్మమ్మ అయి ఉంటుంది. డెల్టాలో పాఠశాలలో అక్షరం నేర్చిన మొదటి మామ్మల తరం ఇది. వారికి అందుబాటులో ఉన్న సాహిత్యం కూడా అప్పటికి ఏర్పడుతూ వచ్చింది. 1883లో వీరేశలింగం స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ని స్థాపించాడు. 1902లో సత్తిరాజు సీతారామయ్య ‘హిందూసుందరి’ని ఏలూరు నుంచి వెలువరించాడు. అదే ఏలూరు నుంచి నందిరాజు చలపతిరావు స్త్రీల పాటలను సేకరించి అచ్చువేయించాడు. ఈ చివరి ప్రయత్నానికి ప్రత్యేకమైన అర్థమున్నది. అంతవరకు మామ్మ నోట ఉన్న పాట పుస్తకమై తిరిగి ఆమె ఇంటికే వచ్చింది. దానిని మనుమరాలు చదువుతుంటే పాఠభేదాన్ని ఎత్తిచూపగల అధికారం మాత్రం ఆమెకే ఉన్నది. అచ్చుకూ నోటికీ మధ్య వివాదం వస్తే ఇంట్లో గెలిచేది నోరే.

ఇంతవరకు చెప్పినది అరుగులూ భోషాణాలూ గల ఇళ్ల మాట. డెల్టా జనంలో పెద్ద భాగానికి పుస్తకమే లేదు. చిలకమర్తి 1909లో రాజమహేంద్రవరంలో దళిత బాలుర కోసం నెలకొల్పిన రామమోహన పాఠశాల వంటి చోట్ల చదువుకొన్న పిల్లలకు ఇంట దిద్దే చెవి లేదనడం తొందరపాటు. తోలుబొమ్మలాటల ద్వారా, వీధినాటకాల ద్వారా, భజనల ద్వారా భారత రామాయణ కథలు ఆ పెద్దలకూ తెలుసు. లేనిది కథ కాదు, అక్షరం. ఆ ఇంట మొదటి పాఠకుడు పిల్లవాడే. అతడు చదవవలసినది కూడా ముందు కథ కాదు; జాబు, ప్రామిసరీ నోటు, పన్ను రశీదు. తాత వేలిముద్ర వేసిన కాగితంలో ఏమున్నదో మనుమడు మొదటిసారి పైకి చదివి చెప్పడం వినోదపఠనం కాదు, కుటుంబ రక్షణ. మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న తన ఆత్మకథకు ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’ అని పేరుపెట్టడంలోనూ, ‘పాలేరు’ నాటకంలో చదువుకొని ఎదిగిన పాలేరు కుర్రవాణ్ణి నాయకుణ్ణి చేయడంలోనూ ఈ పఠనపు బరువు కనిపిస్తుంది. లోగిలిలో పుస్తకం పరంపరను కొనసాగించింది. పేటలో అది పరంపరను తెంచడానికే పనికివచ్చింది. రెండింటినీ ‘పఠనాసక్తి’ అన్న ఒకే మాట కింద చేర్చడం చరిత్రకు న్యాయం కాదు.

ఇరవయ్యో శతాబ్ది మధ్యకు వచ్చేసరికి విద్యుద్దీపం, చవక కళ్లజోడు, వారపత్రిక, పాఠ్యపుస్తకం కలిసి ఈ పొత్తును సడలించాయి. వ్యావహారిక భాష గెలుపు దానికి మరొక మలుపు. డంగేరులో పుట్టిన చింతా దీక్షితులు ‘లక్కపిడతలు’ వంటి రచనలలో పిల్లల ఆటపాటల లోకాన్ని వారికి దగ్గరైన మాటలలో రాశాడు. 1956లో ధీక్షగా కాక అల్లరిగా అక్షరం ముందుకు వచ్చిన ‘బుడుగు’ను రాసిన ముళ్లపూడి వెంకటరమణ ధవళేశ్వరంలో, అనగా వీరేశలింగం బాలికలకు బడి పెట్టిన ఊళ్లోనే, పుట్టినవాడు. ఆ పుస్తకమంతా చిన్నపిల్లవాడి నోటిమాట. అందులో బామ్మ ఉన్నది, బాబాయి ఉన్నాడు, ఉమ్మడి ఇల్లున్నది. విరుపు దిద్దడానికి పద్యం లేదు, అర్థం చెప్పడానికి సమాసం లేదు. దానిని తాత చదివినా మనుమడు చదివినా వినేవారు ఒకే చోట నవ్వుతారు.