కుందేళ్లు మేసిన గడ్డి

బెథెస్డా వారి 'ఆబ్లివియన్' అను ఆట వెలువడి 2026 మార్చి 20 నాటికి ఇరువదియేండ్లు నిండినవి గనుక, దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని అనుబంధమువారు కోరిరి. నా మనస్సు మాత్రము ఆ ఆటకు తొమ్మిదేండ్ల ముందరి యొక కుందేళ్ల కథమీదికి పోవుచున్నది. ఆడువాడు తన యిచ్చవచ్చినట్లు సంచరింపగల విశాలప్రపంచమును కంప్యూటరులో కల్పించి, అందలి మనుష్యులును మృగములును సజీవులే యని నమ్మించుట యెట్లన్న ప్రశ్నకు, ఆ వైఫల్యము చెప్పినంత సమాధానమును ఏ విజయగాథయు నాకు చెప్పలేదు.

పూర్వచరిత్రను వడివడిగా దాటుదము. చదరంగపు పావులకు శతాబ్దముల తరబడి ఆకలి లేదు, అలుక లేదు. 1824లో ప్రష్యా సైన్యమున రైస్విట్జ్ అను అధికారి ప్రవేశపెట్టిన యుద్ధక్రీడయందు మధ్యవర్తి యొకడు కూర్చుండి, ఉభయపక్షముల యాజ్ఞలను విని ఫలితము చెప్పుచుండెను. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అను నమెరికనులు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో ఆ మధ్యవర్తియే కథకుడయ్యెను. ఆటగాడు సత్రపువాని గడ్డము పట్టి లాగెదనన్నచో, వాని కోపమును అప్పటికప్పుడు అభినయించి చూపువాడు అతడే. పిమ్మట కంప్యూటరు వచ్చి ఆ మనుష్యుని లేపి పంపివేసినది. తదనంతర చరిత్ర యంతయు ఆ ఖాళీ కుర్చీని నింపుటకు చేసిన ప్రయత్నమే యని నా యభిప్రాయము.

ఈ ప్రయత్నమును అందఱికంటె మొండిగా సాగించినవారు టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరమందలి ఆరిజిన్ సంస్థవారు, వారికి నాయకుడు రిచర్డ్ గారియట్. 1988 నాటి 'అల్టిమా' అయిదవ భాగమునందే ఊరివారు ఉదయమున లేచి, పనికి పోయి, భుజించి, రాత్రి నిద్రించుచుండిరి. 1992లో వచ్చిన ఏడవ భాగమున సంచిలోని పిండిని తీసి, నీరు కలిపి ముద్దచేసి, పొయ్యిలో పెట్టినచో నిజముగా రొట్టె యగును. లోకమును రక్షింప బయలుదేరిన వీరునికి ఈ రొట్టెతో పని లేదు. అయినను ఆ ఆటను తలచుకొనువారు రాక్షసుని మఱచిరి గాని రొట్టెను మఱువలేదు. పరుల సొత్తు దొంగిలించినచో వెంటవచ్చు మిత్రులే మందలింతురు. చేసిన పనికి లోకము బదులు పలుకుట యన నిదియే.

ఇంతటితో తృప్తిపడక, వేలమంది ఒక్కచో ఆడుకొనుటకై 1997 సెప్టెంబరులో ప్రారంభించిన 'అల్టిమా ఆన్‌లైన్'లో వారు ఒక ప్రకృతినే నిర్మింప దలచిరి. రూపకర్తలలో ప్రముఖుడైన రాఫ్ కోస్టర్ ఊహ యిది: నేలయందు గడ్డి యుండును, దానిని కుందేళ్లు మేయును, కుందేళ్లను తోడేళ్లు తినును, ప్రతి ప్రాణికిని ఇష్టమైన ఆహారమును, తలదాచుకొను తావును లెక్కగా వ్రాయబడి యుండును. వేటగాండ్రు జింకలను మట్టుపెట్టినచో, జింకలకు అలవాటుపడిన డ్రాగన్ ఆకలిగొని ఊరిమీదికి వచ్చును. ఊరివారు దానిని చంపుమని వీరుని వేడుకొందురు. కథ యెవ్వరును వ్రాయకయే పుట్టును. తోలును, ఉన్నియు, లోహమును సైతము ఆ లోకమున మితముగానే యుండి, పాతవి నశించిన కొలది క్రొత్తవి పుట్టవలెనని యేర్పాటు. వినుటకెంత సొగసైన ఊహ!

ద్వారములు తెఱచినంతనే ఆటగాండ్రు లోనికి దూకి, కంటబడిన ప్రాణి నెల్ల నఱికివేసిరి. తోడేలు కుందేలును వెదకి పట్టుకొనులోపలనే రెండును తోళ్లయి సంచులలో చేరెను. వస్తువులను ఇండ్లలో పోగువేసికొనుటచే లోకమునకు తిరిగి రావలసిన ముడిసరకు రాక, లెక్క యంతయు తారుమారయ్యెను. దానికి తోడు, ప్రతి జంతువును క్షణక్షణమును తన యాహారమును వెదకుచుండ యంత్రముల శక్తి చాలకపోయెను. తుదకు ఆ వ్యవస్థను తొలగించిరి. ఇందులో నాకు మిక్కిలి ముచ్చటయైన సంగతి వేఱొకటి కలదు: అట్టి వ్యవస్థ యొకటి యుండెనని ఆడినవారిలో అనేకులకు తెలియనే తెలియదు. ఎదుట నిలిచిన తోడేలు ఆకలిచే వచ్చినదో, ఊరక పుట్టించి విడిచినదో చూచువానికి తేడా యేమి? రొట్టె చేతికి చిక్కినది గనుక నమ్మిరి. గడ్డి లెక్కలలో నుండిపోయినది.

ఇటుపై చరిత్ర చెదరిపోవును. 2001 నాటి జర్మను ఆట 'గోథిక్'లో పరుల గుడిసెలో అడుగిడినచో యజమాని అదలించును. చిన్నదియే, కాని సూటిగా తగులును. ఆబ్లివియన్ తన జనులకు రేడియంట్ ఏఐ పేర కోరికల నొసగి, వానిని తీర్చుకొను మార్గమును వారికే విడిచినది; పరీక్షలలో వారు హద్దుమీఱి ప్రవర్తింపగా పగ్గములు బిగించి విడుదల చేసిరి. 2017లో 'జెల్డా' క్రొత్తభాగము మనుష్యుల జోలికి పెద్దగా పోక, గడ్డికి నిప్పంటుట, నిప్పుపై గాలి లేచుట అను నియమములతోనే మెప్పించినది. ఇప్పుడు పాత్రలకు భాషానమూనాలను అతికించి అడిగినదాని కెల్ల జవాబు చెప్పింతుమనువారు బయలుదేరిరి. జవాబు వేఱు, చేతికి ఫలితము వేఱని వారికెవరైన చెప్పవలెను.

ఇందఱిలో సూక్ష్మమెఱిగినది 2014 నాటి 'షాడో ఆఫ్ మోర్డోర్'. అందు నిన్ను చంపిన సామాన్యసైనికుడు పదవి పొంది, మరల ఎదురైనపుడు ఆ సంగతి యెత్తి ఎగతాళి చేయును. ఇతర సంస్థలు ఈ మార్గమునే నడువవచ్చుననుకొనగా, 2021లో ఆ ఆటను ప్రకటించిన వార్నర్ వారు దానిపై పేటెంటు పొందిరి. ఆ ఆటను నిర్మించిన మోనోలిత్ సంస్థను 2025 ఫిబ్రవరిలో వారే మూసివేసిరి. పేటెంటు మాత్రము వారి చేతిలోనే యున్నది.